జిల్లా పేజీల సమీక్ష: ఏ వార్తకు ఎంత చోటు, ఎందుకు

తెలుగు దినపత్రిక చేతికి రాగానే చాలామంది ముందు తిరగేసేది జిల్లా పేజీలే. ఏ సొసైటీకి యూరియా వచ్చింది, ఏ ఫీడర్ మీద కరెంటు ఉండదు, ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగింది, అన్నీ అక్కడే దొరుకుతాయి. ఈ సమీక్ష ఆ జిల్లా ఎడిషన్ గురించి. ప్రధాన పత్రికలన్నీ దీన్ని దాదాపు ఒకే పద్ధతిలో తయారుచేస్తాయి కాబట్టి ఒక్క పత్రికను ఎంచుకోకుండా ఆ పద్ధతినే పరిశీలించాం. ఏ వార్తకు ఎంత చోటివ్వాలో ఇక్కడ ఎలా తేలుతుంది, డబ్బిచ్చి కొనే పాఠకుడికి అది ఎంతవరకు న్యాయం చేస్తుంది అన్నదే మా కొలబద్ద.

తీర్పు ముందే చెబుతాం. చందా కట్టదగ్గ సరుకే. మండలం దాటి ఊరిదాకా వెళ్లి వార్త తెచ్చే ఇంత పెద్ద యంత్రాంగం తెలుగులో ఇంకెవరికీ లేదు. ఒక్క లోపం మాత్రం పునాదిలోనే ఉంది: జిల్లా పేజీలో పడ్డ వార్త సాధారణంగా జిల్లా దాటదు. పక్క జిల్లా పాఠకుడికీ, రాజధానిలో నిర్ణయం తీసుకునే అధికారికీ అది కనబడదు. మిగతా లోపాల్లో చాలావాటిని పాఠకుడు తన జాగ్రత్తతో సర్దుకోవచ్చు. దీన్ని మాత్రం పత్రికే సరిచేయాలి.

ఈ నమూనాకు దారి వేసింది ఈనాడు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో మొదలైన ఆ పత్రిక 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. మండలానికో విలేకరిని పెట్టి, ఊళ్ల వార్తలకు చిన్న సైజు పేజీలు కేటాయించేసరికి అంతదాకా పేపరు కొనని ఇళ్లు కూడా కొనడం మొదలుపెట్టాయి. మిగతా పత్రికలు అదే బాట పట్టాయి. 2008 మార్చి 23న సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చిందంటే అప్పటికి జిల్లా పేజీలు లేకుండా తెలుగులో పత్రిక నిలబడదన్నది ఖాయమైపోయిందన్నమాట. 2020 లాక్‌డౌన్‌లో ప్రకటనలు పడిపోయినప్పుడు టాబ్లాయిడ్లను, అంటే ఆ చిన్న సైజు జిల్లా అనుబంధాలను, ప్రధాన సంచిక అయిన మెయిన్‌లో కలిపేశారు. విడిగా వచ్చినా, లోపలి పేజీలుగా వచ్చినా తయారీ మాత్రం మారలేదు.

ఆ తయారీ ఎలా ఉంటుందో తెలిస్తే చోటు లెక్క సగం అర్థమవుతుంది. వచ్చిన వార్తలు దిద్ది పేజీలు పెట్టే విభాగమే డెస్కు. ఉదయం దాని ఇన్‌ఛార్జి చేసే మొదటి పని పోటీ పత్రికలను పక్కన పెట్టుకుని చూడటం. వాళ్లకు వచ్చి మనకు రాని వార్తలు మిస్సింగ్ జాబితాలోకి ఎక్కుతాయి, సంబంధిత విలేకరికి ఫోను వెళ్తుంది. పదకొండు గంటలకల్లా ఆ రోజు ఏమేం రాబోతున్నాయో జిల్లా విలేకరుల కార్యాలయమైన బ్యూరో నుంచి షెడ్యూల్ వస్తుంది. మధ్యాహ్నం మూడు, నాలుగు గంటల నుంచి మండలాల వార్తలు డెస్కుకు చేరతాయి. సాయంత్రం ప్రకటనల విభాగం డమ్మీ పంపుతుంది. ఏ పేజీలో ఎన్ని సెంటీమీటర్లు ప్రకటనకు పోయాయో గీసి ఉన్న కాగితం అది. మిగిలిన చోటే వార్తలది. జిల్లా పేజీలు రాత్రి ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో మూసేస్తారు. మెయిన్ మొదటి ఎడిషన్ పది, పదకొండు మధ్య వెళ్తుంది. సిటీ ఎడిషన్‌కు అర్ధరాత్రి దాటిందాకా గడువుంటుంది. పత్రికను బట్టి, ప్రింటింగ్ యూనిట్ ఎంత దూరమన్నదాన్ని బట్టి ఇవి అరగంట, గంట అటూఇటూ అవుతాయి.

అంటే వార్త ఇంకా పుట్టకముందే దాని చోటుకు ఎల్లలు పడిపోయి ఉంటాయి. బ్రాడ్‌షీట్ పేజీ సుమారు 33 సెంటీమీటర్ల వెడల్పు, 52 సెంటీమీటర్ల ఎత్తు, ఎనిమిది కాలమ్‌లు. కింద సగం పేజీ నగల దుకాణం ప్రకటన పడితే సబ్ ఎడిటర్‌కు మిగిలేది ఎనిమిది కాలమ్‌లు, 26 సెంటీమీటర్ల ఎత్తు. అందులో పేజీ ప్రధాన వార్త అయిన లీడ్‌కు నాలుగు కాలమ్‌లు, ఫొటోకు మూడు, రెండు డబుల్ కాలమ్‌లు, అడుగున సింగిల్ కాలమ్‌లు సర్దాలి. అక్షయ తృతీయ, ధన త్రయోదశి, స్కూళ్లు తెరిచే జూన్, ఎన్నికల ముందు వారాలు ప్రకటనలు ముంచెత్తే కాలాలు. పేజీలు పెంచితే సరే, లేకపోతే ఆ రోజుల్లో మామూలుగా మూడు కాలమ్‌లు దక్కే తాగునీటి సమస్య పన్నెండు లైన్ల సింగిల్ కాలమ్ అవుతుంది. దాని తీవ్రత తగ్గలేదు. ఆ రోజు పేజీ చిన్నదైంది, అంతే.

ఎల్లల తర్వాత అసలు కారణం శ్రమ. కాలమ్ నింపడానికి ఎంత పని పడుతుందన్నది వార్త ప్రాధాన్యాన్ని మనం అనుకునేదానికన్నా ఎక్కువగా శాసిస్తుంది. డీఎస్పీ ప్రెస్‌మీట్ పెడితే నిందితుల ఫొటో, స్వాధీనం చేసుకున్న సొత్తు, ఎఫ్ఐఆర్ వివరాలు, అధికారి మాట నాలుగూ ఒకే గంటలో, ఒకే చోట చేతికొస్తాయి. ఎమ్మెల్యే పర్యటనకు ప్రెస్‌నోట్, ఫొటో వాట్సాప్‌లో ముందే వస్తాయి. అదే పంట కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు ఎందుకు అందలేదో రాయాలంటే రైతుల దగ్గరికి వెళ్లాలి, షట్టర్ చూడాలి, జలవనరుల శాఖ అసిస్టెంట్ ఇంజినీరు(ఏఈ)ని పట్టుకోవాలి, నీటి విడుదల లెక్కలు అడగాలి, పై అధికారి వివరణ తీసుకోవాలి. కనీసం రెండు రోజుల పని. ఆ పని చేయాల్సింది ఎవరు? చాలా మండలాల్లో జీతం లేని కంట్రిబ్యూటర్. అచ్చయిన లైన్లను బట్టి లెక్కగట్టే లైన్ అకౌంటో, కొద్దిపాటి గౌరవ వేతనమో ఇస్తారు. దాంతోపాటు చందాలు కట్టించే, ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా చాలాచోట్ల అతని మీదే ఉంటుంది. ప్రకటన ఇచ్చే ప్రైవేటు ఆసుపత్రి మీద ఫిర్యాదు వస్తే రాసేదీ అతనే, వచ్చే పండక్కి శుభాకాంక్షల ప్రకటన అడగాల్సిందీ అతనే. ఈ ఏర్పాటును మార్చకుండా విలేకరి నిజాయతీ గురించి ఉపన్యాసాలు ఇవ్వడం అన్యాయం.

నేరం, ప్రమాదం, నాయకుల పర్యటనలకు జిల్లా పేజీల్లో ఎప్పుడూ పెద్దపీట కనబడటానికి పాఠకుల ఆసక్తితోపాటు ఇదీ కారణమే. మిస్సింగ్ జాబితా దీన్ని మరింత బిగిస్తుంది. పోటీ పత్రికలో ఉన్నది మనకు లేకపోతే సంజాయిషీ ఇవ్వాలి. ఎవరికీ లేనిది మనకూ లేకపోతే అడిగేవాడు లేడు. అందుకే నాలుగు పత్రికలు కొన్నా జిల్లా పేజీల్లో చాలావరకు అవే వార్తలు కనిపిస్తాయి. రెండో పత్రికకు చందా కట్టేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. అదనంగా దొరికేది కొత్త వార్తకన్నా ఎక్కువగా ఇంకో రాజకీయ కోణమే.

వార్తను జిల్లా దాటనివ్వని ఈ గోడ ఎంత ఎత్తుగా ఉంటుందో చెప్పడానికి 2019 నవంబరు చాలు. 24న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో ఒక దళిత మహిళపై సామూహిక అత్యాచారం చేసి చంపేశారు. 27 రాత్రి హైదరాబాద్ శివారు శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిపై అదే ఘోరం జరిగింది. రెండూ ఒకే రాష్ట్రంలో, మూడు రోజుల తేడాతో జరిగాయి. రెండో ఘటన గంటల్లో దేశమంతా తెలిసింది, రోజుల తరబడి మొదటి పేజీల్లో నిలిచింది, పార్లమెంటులో చర్చకు వచ్చింది. మొదటిది చాలాకాలం జిల్లా పేజీల్లోనే ఉండిపోయింది. ఆమె పేరు బయటికి రాకుండా సమత అని పిలిచి, ఈ ప్రాణానికి విలువ లేదా అని ప్రజాసంఘాలు రోడ్డెక్కిన తర్వాతే రాష్ట్రస్థాయి పేజీలు అటు తిరిగాయి. ప్రత్యేక కోర్టు ఏర్పడింది, 2020 జనవరి 30న ఆదిలాబాద్‌లో ముగ్గురికి మరణశిక్ష పడింది.

ఈ తేడాను ఒక్క కులంతోనో, ఒక్క దూరంతోనో వివరించలేం. రెండూ ఉన్నాయి, ఇంకా ఉన్నాయి. శంషాబాద్‌కు టీవీ కెమెరా వెళ్లడానికి గంట చాలు, లింగాపూర్‌కు సగం రోజు పడుతుంది. టోల్ ప్లాజా, హైవే, ఉద్యోగం చేసుకునే చదువుకున్న అమ్మాయి: ఎడిటర్లకూ నగర పాఠకులకూ అది తమ ఇంటి భయంలా తోచింది. ఊరూరా తిరిగి సరుకులు అమ్ముకునే పేద మహిళ జీవితం న్యూస్‌రూమ్‌లో కూర్చున్నవాళ్లకు దూరం. వాటన్నిటికీ తోడు ఎడిషన్ ఏర్పాటు. ఆసిఫాబాద్ వార్త ఆదిలాబాద్ డెస్కుకు వెళ్లింది, జిల్లా పేజీలో అచ్చయింది, అక్కడితో పని పూర్తయినట్టే. దాన్ని మెయిన్‌కు పంపాలని ఎవరో ఒకరు ప్రత్యేకంగా పట్టుబట్టాలి. రాజధాని వార్తకు ఆ మెట్టే లేదు. నేరుగా మెయిన్ పేజీలు చూసే జనరల్ డెస్క్ బల్ల మీదే పడుతుంది.

నెమ్మదిగా చంపే సమస్యలకు ఈ ఏర్పాటు ఇంకా అన్యాయం చేస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో దశాబ్దాలుగా కిడ్నీ వ్యాధితో మనుషులు పోతున్నారు. జిల్లా పేజీల్లో ఆ కథనాలు ఎన్నోసార్లు వచ్చాయి. మెయిన్‌లో అసలు రాలేదని అనలేం, కానీ నిలవలేదు. 2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి బాధితులతో మాట్లాడాక ఒక్కసారిగా రాష్ట్ర వార్త అయింది. తర్వాత డయాలసిస్ కేంద్రాలు, తాగునీటి పథకం, 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ప్రారంభం, ప్రతిదానికీ మళ్లీ పెద్ద చోటు దక్కింది. ప్రముఖుడు వచ్చిన రోజూ, రిబ్బను కత్తిరించిన రోజూ వార్త. మధ్యలో మనుషులు పోయిన రోజులు ఒక్కొక్కటి సింగిల్ కాలమ్. దీనికి భిన్నంగా 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ విషవాయువు లీకైన ఘటన క్షణాల్లో ప్రపంచమంతా పాకింది. ఒకే చోట, ఒకే పూట జరిగింది, దృశ్యాలున్నాయి, కారణం ఒక్క మాటలో చెప్పొచ్చు. 1965లో నార్వే పరిశోధకులు గాల్టుంగ్, రూగె వార్తల ఎంపిక మీద రాసిన పత్రంలో మొదటి లక్షణంగా చెప్పింది ఇదే: పత్రిక వెలువడే వ్యవధిలో ఇమిడిపోయే ఘటనకే చోటు సులువుగా దొరుకుతుంది. ఉద్దానం ఏ ఒక్క రోజులోనూ ఇమడదు.

ఇదే పద్ధతి గోడ బద్దలుకొట్టగలదు కూడా. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాపై మొదలైన మహిళల తిరుగుబాటును 1992లో ఈనాడు జిల్లా వార్తగా వదిలేయలేదు. ప్రత్యేకంగా పేజీలు కేటాయించి ఏ ఊళ్లో ఏం జరిగిందో రోజూ రాష్ట్రమంతా చదివేలా చేసింది. ఒక ఊరి ఆడవాళ్లు దుకాణం మూయించారని ఇంకో జిల్లాలో చదివి అక్కడా మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. విలేకరుల వల అప్పటికే ఉంది. తేడా తెచ్చింది యాజమాన్యం, సంపాదకులు తీసుకున్న నిర్ణయం, రోజూ కేటాయించిన చోటు. అంత వల, అంత యంత్రాంగం ఇప్పటికీ ఉండగా ఆ నిర్ణయం అరుదైపోవడమే ఈ సరుకు మీద మాకున్న అసలు ఫిర్యాదు.

జిల్లాల విభజన గోడలను ఇంకా దగ్గర చేసింది. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పేజీల విభజన కూడా చాలావరకు దాన్నే అనుసరించింది. ఒకే వాగు పొడవునా ఇసుక తవ్వుతుంటే ఎగువ ఊళ్ల వార్త ఒక జిల్లాలో, దిగువ ఊళ్ల వార్త ఇంకో జిల్లాలో విడివిడిగా అచ్చవుతుంది. రెండూ కలిపి చదివేవాడు ఉండడు. సరిహద్దు మండలాల వాళ్లకు మేమిచ్చే సలహా: ఇంటికి సొంత జిల్లా ఎడిషన్ వేయించుకోండి, ఫోన్లో ఈ-పేపర్ తెరిచి తేదీ పక్కనున్న ఎడిషన్ల జాబితాలో పక్క జిల్లాను ఎంచుకుని వారానికి రెండుసార్లయినా చూడండి.

మీ పత్రిక మీకు ఏమిస్తోందో తేల్చుకోవాలంటే స్కేలు, పెన్ను, ఏడు రోజుల పేపర్లు చాలు. ప్రతి జిల్లా వార్తకూ వెడల్పును కాలమ్‌లలో, ఎత్తును సెంటీమీటర్లలో కొలిచి గుణించండి. శీర్షిక, ఫొటో కలిపే కొలవాలి. నాలుగు కాలమ్‌ల వార్త 15 సెంటీమీటర్ల ఎత్తుంటే 60 కాలమ్ సెంటీమీటర్లు. పక్కన మూడు విషయాలు రాసుకోండి: మడతకు పైనుందా కిందుందా, ఏ మండలానిది, సమాచారం ఎక్కడిది. చివరిది ముఖ్యం. పోలీసులు, ప్రెస్‌నోట్, నాయకుడి సభ, అధికారుల సమీక్ష ఒక పక్క. విలేకరి స్వయంగా వెళ్లి తెచ్చింది ఇంకో పక్క. వార్త మొదట్లో ఊరు, పత్రిక పేరు ఉండే డేట్‌లైన్ కొంత సాయం చేస్తుంది. ఈనాడులో పత్రిక పేరుతో ఉంటే సిబ్బంది రాసింది, న్యూస్‌టుడే అని ఉంటే కంట్రిబ్యూటర్ పంపింది. వారం చివర కూడికలు వేస్తే మీ మండలానికి ఎంత దక్కిందో, స్వయంగా సేకరించిన వార్తల వాటా ఎంతో తేలిపోతుంది. అయిదో వంతు కూడా లేకపోతే ఆ ఎడిషన్‌కు మేం మంచి మార్కులు వేయం.

కొలతలో తప్పు జరిగే చోట్లు కొన్ని ఉన్నాయి. ఎన్నికల వారం, అసెంబ్లీ సమావేశాల వారం, పండగ సెలవుతో పేపరు రాని వారం తీసుకోవద్దు. మంగళవారం పేజీ చూసి ప్రజా సమస్యలకు ఎంత చోటిచ్చారో అని మురిసిపోవద్దు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కాబట్టి ఆ ఫొటోలు మంగళవారం వస్తాయి. ప్రకటనను వార్తగా లెక్కేసే ప్రమాదమూ ఉంది. కొత్త ఆసుపత్రి, కాలేజీ, వెంచర్ గురించి పొగడ్త తప్ప ప్రశ్న లేని కథనం కనబడితే మూలన చిన్న అక్షరాల్లో ప్రకటన అని ఉందేమో వెతకండి. ఫాంటు కూడా మిగతా పేజీకన్నా కొంచెం వేరుగా ఉంటుంది.

ఆ గుర్తు కూడా లేకుండా వచ్చేదే పెయిడ్ న్యూస్. 2009 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది ఎంత బాహాటంగా నడిచిందో జర్నలిస్టు సంఘమే బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో తెలుగు జర్నలిస్టు కె. శ్రీనివాస్ రెడ్డి ఒకరు, పరంజయ్ గుహ ఠాకుర్తా మరొకరు. 2010లో నివేదిక వచ్చింది. గుర్తుపట్టే పద్ధతి తేలిక: ఒకే అభ్యర్థి గురించి ఒకే వాక్యాలు రెండు పత్రికల్లో ఉండటం, డేట్‌లైన్ లేకపోవడం, ప్రత్యర్థి ఊసే లేకపోవడం. ఎన్నికల వేళ ప్రతి జిల్లాలో మీడియా సర్టిఫికేషన్ అండ్ మానిటరింగ్ కమిటీ ఉంటుంది. రెండు పత్రికల క్లిప్పింగులు, తేదీ, ఎడిషన్ పేరు జతచేసి అక్కడ ఫిర్యాదు ఇవ్వొచ్చు. అనుమానం నిజమని తేలితే ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలోకి చేరుతుంది.

టీవీతో, ఫోన్‌తో పోలిస్తే ఇది ఎక్కడ నిలుస్తుంది? టీవీ న్యూస్ చానల్‌కు చోటు పరిమితి లేదు, సమయం మాత్రం ఏ చానల్‌ను ఎంతమంది చూశారో లెక్కగట్టే బార్క్ సంస్థ గురువారం ఇచ్చే రేటింగ్ చేతిలో ఉంది. 2020 అక్టోబరులో ఆపేసిన న్యూస్ చానళ్ల రేటింగులు 2022 మార్చిలో నాలుగు వారాల సగటుగా మళ్లీ మొదలయ్యాయి. అయినా రాజధాని ఘటన మీద గంటల తరబడి లైవ్ నడిపే అలవాటు పోలేదు. మండల వార్త అక్కడ స్క్రోలింగ్‌లో ఒక లైను. ఫోన్లో వచ్చే క్లుప్త వార్తల యాప్‌లు ఊరి వార్తను వేగంగా చేరుస్తాయి, కానీ అధికారి వివరణ, లెక్కలు దొరకడం అరుదు. ఏది ఎక్కువ మంది నొక్కితే అదే పైకి వస్తుంది. వేగంలో ఈ రెండూ గెలుస్తాయి. నాలుగు నెలల తర్వాత సాక్ష్యంగా చూపించుకోదగ్గ క్లిప్పింగు మాత్రం జిల్లా పేజీయే ఇస్తుంది. అది జతచేసిన అర్జీని కలెక్టరేట్‌లో పట్టించుకునే తీరే వేరు.

మా మార్కులు: ఊరిదాకా వెళ్లే విస్తృతికి అయిదుకు నాలుగున్నర, స్వయంగా సేకరించిన వార్తకు రెండున్నర, వార్తను జిల్లా దాటించడంలో ఒకటి. చందాదారుడిగా దీన్ని పూర్తిగా వాడుకోవాలనుకుంటే వేళలు తెలుసుకోండి. ఆదివారం ఆఫీసులు, కోర్టులు ఉండవు కాబట్టి సోమవారం పేజీకి సరుకు తక్కువ. కాలువ, బడి, ఆసుపత్రి వంటి నెమ్మది సమస్యలకు పెద్ద చోటు దొరికే రోజు అదే. శుక్రవారానికల్లా విలేకరికి విషయం చేర్చండి. ఒక్క పేజీ మించకుండా, ఎంతమందికి ఇబ్బంది, ఎప్పటి నుంచి, ఎవరికి ఎప్పుడు అర్జీ ఇచ్చారు, ఏం జవాబు వచ్చింది అన్నవి అంకెలతో రాయండి. అడ్డంగా తీసిన ఫొటోలు రెండు చాలు. పీడీఎఫ్ పంపితే మళ్లీ టైప్ చేయాలి, వాట్సాప్‌లో టైప్ చేసి పంపితే డెస్కుకు పని తగ్గుతుంది. అర్జెంటు విషయమైతే మధ్యాహ్నం మూడులోపు. రాత్రి ఎనిమిది తర్వాత చెప్పింది ఎంత పెద్దదైనా జిల్లా పేజీలో రెండు లైన్లే. జిల్లా పేజీలో వచ్చిన తర్వాత అక్కడితో వదలకండి. ఇలాంటి సమస్యే పక్క జిల్లాల్లో ఎక్కడెక్కడ ఉందో ఈ-పేపర్ల నుంచి మూడు క్లిప్పింగులు వెతికి, బ్యూరో ఇన్‌ఛార్జికి పంపి, ఇది మెయిన్‌కు వెళ్లాల్సిన వార్త అని అడగండి.